దొరికిన చోటు వేరు, బతికిన చోటు వేరు: సముద్రపు మొసళ్ల శిలాజాల గురించి

మీ ప్రశ్న ఇదీ: స్నేహితుడు ఇచ్చిన వెన్నుపూస శిలాజం ఒకటి మీ దగ్గర ఉంది. దానితో పాటు వచ్చిన చీటీ మీద ‘జురాసిక్ సముద్రపు మొసలి, పీటర్‌బరో, ఇంగ్లండ్’ అని రాసి ఉంది. మొసలి నదిలో ఉండే జంతువు కదా, నదిలో చచ్చి సముద్రంలోకి కొట్టుకుపోయి ఉండొచ్చు కదా, అది సముద్రంలోనే బతికిందని ఎలా చెబుతారు, ఇలాంటివి ఇంకా ఎక్కడెక్కడ దొరికాయి అని అడిగారు.

శిలాజాల మీది రాతిని ఒలిచి శుభ్రం చేసే పనిలో 20 ఏళ్లకు పైగా ఉన్నాను. ఈ జంతువుల ఎముకలు చాలానే నా చేతుల మీదుగా వెళ్లాయి. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక మాట. మీ అనుమానం చాలా సరైనది. కళేబరాలు నిజంగానే కొట్టుకుపోతాయి. దానికి పీటర్‌బరోనే సాక్ష్యం. అక్కడి ఆక్స్‌ఫర్డ్ క్లే అనే బంకమట్టి పొరలు సుమారు 16 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నవి. అయినా వాటిలో డైనోసార్ల ఎముకలు దొరికాయి. 1898లో దొరికిన సెటియోసారిస్కస్ అనే పొడవు మెడ డైనోసార్ అలాంటిదే. వీపు మీద పలకలుండే స్టెగోసార్ల జాతి జంతువు ఎముకలు కూడా వచ్చాయి. ఇవేవీ సముద్రంలో ఈదినవి కావు. చచ్చిన జంతువు పొట్ట గ్యాస్‌తో ఉబ్బుతుంది, ఏటి నీటి మీద తేలుతూ సముద్రంలోకి పోతుంది, కుళ్లేకొద్దీ ఒక్కో భాగం ఊడి కింద పడుతుంది. కాబట్టి సముద్రపు రాతిలో దొరికింది కనుక సముద్రపు జంతువే అనేయడం తప్పు. రాయి చెప్పేది ఆ జంతువు ఎక్కడ పూడుకుపోయిందో మాత్రమే. ఎక్కడ బతికిందో తెలియాలంటే ఆ జంతువు ఒంటినే అడగాలి.

అదే పీటర్‌బరో గుంటల్లో డైనోసార్లు అరుదు, మొసలి బంధువులు మాత్రం ఎక్కువ. ఇటుకల కోసం ఆ మట్టిని తవ్వేవాళ్లు. ఆల్‌ఫ్రెడ్ లీడ్స్ అనే రైతు 19వ శతాబ్దం చివరి నుంచి దశాబ్దాల పాటు ఆ గుంటల చుట్టూ తిరిగి, కూలీలు చూపించిన ఎముకలను ఓపికగా పోగుచేసి, అతికించి పెట్టాడు. ఆయన సేకరణలో చాలా భాగం లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకు చేరింది. ఆ మ్యూజియం శాస్త్రవేత్త చార్ల్స్ ఆండ్రూస్ దాని మీద రెండు సంపుటాల గ్రంథం రాశాడు, అవి 1910లో, 1913లో వచ్చాయి. లీడ్స్ లాంటి మనిషి లేకపోతే ఆ ఎముకలన్నీ ఇటుక బట్టీల్లోకే పోయేవి. ఈ పనిలో ఉన్నవాళ్లందరం ఆయనకు రుణపడి ఉన్నాం.

ఇక అసలు జంతువుల సంగతి. వీటన్నిటినీ కలిపి థలాటోసూకియన్లు అంటారు, అంటే సముద్రపు మొసళ్లు. ఇవి నేటి మొసళ్లకు పూర్వీకులు కావు, దూరపు దాయాదులు. జురాసిక్ యుగం మొదటి భాగం నుంచి, దాని తర్వాత వచ్చిన క్రెటేషియస్ యుగం మొదటి భాగం దాకా, అంటే 5 కోట్ల ఏళ్లకు పైగా బతికాయి. ఇందులో రెండు పెద్ద శాఖలున్నాయి. మీ ప్రశ్నకు జవాబు ఈ రెంటి మధ్య తేడాలోనే దొరుకుతుంది.

ఒకటి టెలియోసార్లు. చూడగానే మొసలే అనిపిస్తాయి. చాలావాటికి నేటి ఘరియాల్‌లా పొడవాటి సన్నని మూతి. వీపు మీద, పొట్ట మీద గుంటలు గుంటలుగా ఉండే దళసరి ఎముక పలకలు. కాళ్లు చిన్నవే అయినా కాళ్లే. తీరం దగ్గర, లాగూన్లలో (తీరపు ఉప్పునీటి కయ్యల్లో), లోతు తక్కువ నీళ్లలో తిరిగేవి. ఒడ్డుకు ఎక్కగలిగేవి.

రెండోది మెట్రియోరింకిడ్లు. నాకు ఎక్కువ ఇష్టమైనవి ఇవే. వీటి ఒంటి మీద ఒక్క ఎముక పలక కూడా లేదు. బరువైన కవచం వదిలేసి నున్నటి ఒంటితో ఈదాయి. ముందు కాళ్లు కురచబడి తెడ్డుల్లా మారిపోయాయి. తోక చివర వెన్నెముక కిందికి వంగుతుంది. ఆ వంపు పైన మెత్తటి కండతో మరో రెక్క ఉండేది, దాంతో తోక సొరచేప తోకలాగా రెండు పాయలుగా ఉండేది. కళ్లు మామూలు మొసలికి ఉన్నట్టు నెత్తి మీద కాకుండా పక్కలకు ఉండేవి. ఇది చిన్న సంగతి కాదు. నెత్తి మీద కళ్లున్నది నీళ్లలో దాక్కుని ఒడ్డున ఉన్న జంతువు కోసం కాచుకునే మొసలి. పక్కలకు కళ్లున్నది నీళ్లలోనే వేటను తరిమే జంతువు. ఇలాంటి కాళ్లతో, ఇలాంటి తోకతో నదిలో పుట్టి పెరిగి, చచ్చాక సముద్రంలోకి కొట్టుకొచ్చిందనడం కుదరదు.

ఒంట్లో ఇంకా బలమైన సాక్ష్యం ఉప్పు గ్రంథులది. సముద్రంలో బతికే ప్రాణి చేపలతో పాటు ఉప్పునూ మింగుతుంది, ఆ అదనపు ఉప్పును ఎలాగోలా బయటికి పంపాలి. నేటి ఉప్పునీటి మొసలికి నాలుక మీద చిన్న గ్రంథులున్నాయి. అర్జెంటీనాలో దొరికిన క్రికోసారస్ అరౌకానెన్సిస్ అనే మెట్రియోరింకిడ్ పుర్రెల్లో, కంటికి ముందు భాగంలో, పెద్ద పెద్ద ఉప్పు గ్రంథుల ఆకారం రాతి అచ్చుగా నిలిచిపోయి ఉంది. మార్తా ఫెర్నాండెస్, సుల్మా గాస్పరీని 2000లో దీన్ని వివరించారు. మెత్తటి గ్రంథి 15 కోట్ల ఏళ్ల తర్వాత కూడా తన ఆకారాన్ని చూపించడం ఎంత అరుదో, ఎముకలతో పనిచేసే వాళ్లకు బాగా తెలుసు. ఈ గ్రంథుల పరిమాణాన్ని బట్టే చెప్పొచ్చు, ఇది అప్పుడప్పుడు సముద్రంలోకి వెళ్లొచ్చే జంతువు కాదు, అక్కడే తిని అక్కడే బతికిన జంతువు.

లోపలి చెవి కూడా ఇదే చెబుతుంది. ఒంటి బ్యాలెన్స్ చూసుకునే మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు నేల మీద తిరిగే జంతువుల్లో సన్నగా, పొడవుగా ఉంటాయి. తిమింగలాల్లో బాగా చిన్నవైపోయాయి. 2020లో థలాటోసూకియన్ల పుర్రెలను సీటీ స్కాన్ చేసి చూస్తే, మెట్రియోరింకిడ్లలో ఆ గొట్టాలు పొట్టిగా, లావుగా ఉన్నాయి. టెలియోసార్లవి అంతగా మారలేదు. ఇంకో ఆసక్తికరమైన సంగతి కూడా తేలింది: కాళ్లు, తోక మారిన తర్వాతే చెవి మారింది. అంటే ముందు సముద్రంలోకి దిగాయి, అక్కడ చాలా కాలం గడిపాక చెవి ఆ జీవితానికి సర్దుకుంది.

అలాగని తిమింగలాల్లా లోతుకు మునిగేవని ఊహించుకోకండి. 2024లో వచ్చిన మరో పరిశీలన వీటి పుర్రెలో గాలి నిండే సైనస్‌లను చూసింది. మెదడు చుట్టూ ఉన్న సైనస్‌లు తగ్గాయి గానీ, మూతిలోని సైనస్‌లు పెద్దగానే ఉండిపోయాయి. ఉప్పు గ్రంథులు ఖాళీ కావడానికి అవి సాయపడి ఉంటాయి. కానీ గాలి నిండిన ఖాళీలు లోతు నీటి ఒత్తిడికి తట్టుకోవు. కాబట్టి ఇవి తీరానికి దూరంగా, తెరపి సముద్రంలో తిరిగినా, ఎక్కువగా పైపొరల్లోనే వేటాడి ఉంటాయని ఆ పరిశోధకుల అభిప్రాయం. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

పళ్ల పింగాణిలో ఉండే ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాల) లెక్కతో ఒంటి వేడిని కూడా అంచనా వేశారు. టెలియోసార్లు నేటి మొసళ్లలాగే చుట్టూ ఉన్న వేడి మీద ఆధారపడ్డాయి. మెట్రియోరింకిడ్ల ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి కంటే కొంత ఎక్కువ ఉండేది, అయితే పక్షుల్లా స్థిరంగా ఉండేది కాదు. ఒడ్డున ఎండ కాగే టెలియోసార్‌కూ, రోజంతా ఈదుతూ వేటాడే మెట్రియోరింకిడ్‌కూ ఉన్న తేడా పంటిలో కూడా రాసి ఉందన్నమాట.

ఇక ఎక్కడ దొరికాయి అన్నది. మొదట ఇంగ్లండ్‌లోని విట్బీ తీరం. 1758లో అక్కడి కొండచరియ కింద పొడవాటి మూతి ఉన్న ఒక అస్థిపంజరం కనిపించింది. దాని గురించి రాయల్ సొసైటీ పత్రికలో అదే ఏడాది అచ్చయింది. ‘డైనోసార్’ అనే మాట పుట్టింది 1842లో. అంటే అంతకు 84 ఏళ్ల ముందే ఒక టెలియోసార్ శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. ఆ రాళ్ల వయసు సుమారు 18 కోట్ల ఏళ్లు. దాదాపు అదే వయసున్న, బురద గట్టిపడి ఏర్పడిన నల్లటి షేల్ రాయి జర్మనీలోని హోల్జ్‌మాడెన్ దగ్గర ఉంది. అక్కడ టెలియోసార్లు తల నుంచి తోక దాకా, వీపు పలకలు కూడా చెదరకుండా దొరికాయి.

ఎందుకంత బాగా నిలిచాయో చెప్పాలి, ఎందుకంటే మీ ‘కొట్టుకొచ్చింది’ ప్రశ్నకు ఇది కూడా జవాబే. ఆ సముద్రం అడుగున ఆక్సిజన్ చాలా తక్కువ. కళేబరాన్ని పీక్కు తినే పీతలు, పురుగులు అక్కడ బతకలేవు. పడిన ఒళ్లు పడినట్టే మెత్తటి బురదలో కూరుకుపోయింది. చాలా రోజులు నీటి మీద తేలిన కళేబరానికి ముందు కింది దవడ ఊడుతుంది, తర్వాత కాళ్లు ఊడతాయి. అన్నీ అతుక్కునే ఉన్న ఒళ్లు ఎక్కడో దూరం నుంచి రాలేదు. దవడ ఉందా, కాళ్లున్నాయా, వేళ్లున్నాయా అన్నది నేను ప్రతి అస్థిపంజరంలో మొదట చూసేది అందుకే.

ఫ్రాన్స్‌లోని నార్మండీ ఈ కథలో మరో ముఖ్యమైన చోటు. కాన్ నగరం చుట్టూ ఉన్న సున్నపురాయి గనుల్లో దొరికిన మొసళ్లను చూసి జంతుశాస్త్రవేత్త జెఫ్రోయ్ సాంతిలేర్ 1825లో టెలియోసారస్, స్టెనియోసారస్ అని పేర్లు పెట్టాడు. ఇవి నేటి మొసళ్లకు భిన్నమైనవనీ, జంతువులు కాలంతో పాటు మారతాయనీ ఆయన వాదన. నాటి మరో ప్రముఖ శాస్త్రవేత్త కువియే ఒప్పుకోలేదు. తర్వాత 1830లో ఆ ఇద్దరి మధ్య జరిగిన ప్రసిద్ధ వాదానికి ఈ మొసళ్లు కూడా ఒక కారణం. కాన్‌లో దాచిన ఆ అస్థిపంజరాలు చాలావరకు 1944 బాంబు దాడుల్లో నాశనమయ్యాయి. 16 కోట్ల ఏళ్లు భూమి కాపాడిన ఎముకలు ఒక్క వేసవిలో పోయాయన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

జర్మనీలోని బవేరియాలో సుమారు 15 కోట్ల ఏళ్ల నాటి సన్నని పలకల సున్నపురాయి ఉంది. శిలాజాలకు పేరుపొందిన జోల్న్‌హోఫెన్ అక్కడిదే, ఆ పేరు మీరు వినే ఉంటారు. అప్పట్లో అది దీవుల మధ్య లాగూన్లతో ఉండేది. ఆ ప్రాంతంలోని డైటింగ్ దగ్గర దొరికిన ఒక పుర్రెను జర్మన్ శాస్త్రవేత్త జొమ్మరింగ్ 1816లో ‘రాక్షస బల్లి’ అని పిలిచాడు. మొసలి బంధువని పోల్చలేదు. దాని పేరు తర్వాత జియోసారస్ అయింది. మెట్రియోరింకిడ్లు మొసలి పోలికల నుంచి ఎంత దూరం జరిగాయో ఆ పొరపాటే చెబుతుంది. తోక వంపు, తెడ్డు కాళ్లు అత్యంత స్పష్టంగా కనిపించేవి కూడా ఈ పలకల మీదే.

యూరప్‌లో ఇన్ని చోట్ల దొరకడానికి కారణం, జురాసిక్‌లో యూరప్ ఒక ఖండంలా లేదు. వెచ్చటి, లోతు తక్కువ సముద్రంలో చెల్లాచెదురుగా ఉన్న దీవుల గుంపు. టెలియోసార్లకు కావలసిన తీరాలు, మెట్రియోరింకిడ్లకు కావలసిన తెరపి నీళ్లు పక్కపక్కనే ఉండేవి. అయితే కాలంతో పాటు నీటి లోతు మారింది. 2018లో డావిడె ఫొఫా, అతని సహచరులు ఇంగ్లండ్ ప్రాంతపు సముద్ర సరీసృపాల పళ్లను సుమారు 1.8 కోట్ల ఏళ్ల మేర పోల్చి చూశారు. సముద్ర మట్టం పెరిగేకొద్దీ, లోతు తక్కువ నీళ్లలో సన్నటి పళ్లతో చేపలు పట్టే టెలియోసార్ల వంటివి తగ్గిపోయాయి. తెరపి నీళ్లలో పెద్ద జంతువులను కోసే పళ్లున్న మెట్రియోరింకిడ్లు పెరిగాయి. ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో, కిమ్మరిడ్జ్ బంకమట్టిలో దొరికిన ప్లీసియోసూకస్ అలాంటి మెట్రియోరింకిడే, 6 మీటర్లు దాటిన వేటగాడు. అందుకే ‘సముద్రపు మొసళ్లు ఎక్కడ బతికాయి’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ఏ శాఖ, ఏ కాలం అన్నది కూడా అడగాలి.

యూరప్ బయట నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అర్జెంటీనాలోని వాకా ముఎర్తా పొరలు. పేరుకు స్పానిష్‌లో ‘చచ్చిన ఆవు’ అని అర్థం. ఈ రోజు అది షేల్ ఆయిల్‌కు, గ్యాస్‌కు పేరుపొందింది. అదే నల్లటి, ఆక్సిజన్ లేని బురద ఒక పక్క చమురును ఇచ్చింది, మరో పక్క మొసళ్లను కాపాడింది. అది పసిఫిక్ నీళ్లు లోపలికి చొచ్చుకొచ్చిన పెద్ద అఖాతం. తర్వాత ఆండీస్ పైకి లేవడంతో ఆ సముద్రం అడుగు ఇప్పుడు ఎండిన కొండల్లో కనిపిస్తోంది. పైన చెప్పిన ఉప్పు గ్రంథుల క్రికోసారస్ ఇక్కడిదే. డకోసారస్ ఆండినియెన్సిస్ అనే మరో మెట్రియోరింకిడ్ కూడా ఇక్కడిదే. 2006లో దాని పూర్తి పుర్రెను వివరించినప్పుడు పత్రికలు ‘గాడ్జిల్లా’ అని పేరు పెట్టాయి. పొట్టి, ఎత్తైన మూతి, రంపపు అంచులున్న పెద్ద పళ్లు. చేపలు కాదు, ఇతర సముద్ర సరీసృపాలే దీని ఆహారమై ఉండొచ్చు. చిలీ, మెక్సికో, క్యూబాల్లో కూడా మెట్రియోరింకిడ్లు దొరికాయి. ఉత్తర, దక్షిణ అమెరికాలు అప్పుడే విడిపోతున్నాయి. వాటి మధ్య తెరుచుకుంటున్న సన్నటి నీటి దారి మీదుగా ఇవి యూరప్‌కూ పసిఫిక్‌కూ మధ్య తిరిగి ఉంటాయి.

టెలియోసార్లు ఇంకో దారి పట్టాయి. స్విట్జర్లాండ్‌లోని జోలోటుర్న్ దగ్గర తాబేళ్ల శిలాజాలు విపరీతంగా ఉన్న సున్నపురాయి ఉంది. అక్కడి తాబేటి చిప్పల మీద మకిమోసారస్ అనే టెలియోసార్ కొరికిన గుర్తులున్నాయి. దాని పళ్లు మొద్దుగా, గుండ్రంగా ఉంటాయి, పగలగొట్టడానికే తయారైనట్టు. ట్యునీషియాలో దొరికిన దాని పెద్ద జాతిని 2016లో ప్రకటించారు. మొదట దాదాపు 10 మీటర్లు అన్నారు, తర్వాతి అంచనాలు 7 మీటర్ల దగ్గరకు దించాయి. నేను ఆ చిన్న అంకెనే నమ్ముతాను. పుర్రె పొడవు నుంచి ఒంటి పొడవు లెక్క కట్టేటప్పుడు నేటి మొసలి కొలతలు పెడితే, పెద్ద తల ఉన్న ఈ జంతువులు ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దవిగా తేలతాయి.

థాయ్‌లాండ్ ఈశాన్యంలో ఫూ నొయ్ దగ్గర దొరికిన ఇండోసినోసూకస్ సంగతి మరీ ముఖ్యం. అది నిజమైన టెలియోసారే, కానీ ఉన్నది మంచినీటి పొరల్లో. అంటే మీ అనుమానాన్ని తిరగేసినట్టు: సముద్రపు కుటుంబంలో పుట్టి నదికి అలవాటు పడిన జంతువు. పేరు చూసి చిరునామా చెప్పకూడదని మాకు నేర్పింది ఇదే.

థలాటోసూకియన్లు పోయాక కూడా మొసలి బంధువులు సముద్రాన్ని వదల్లేదు. డైరోసార్లు అనే మరో కుటుంబం, డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల కిందటి మహా వినాశనాన్ని దాటి బతికింది. మోసాసార్లు, ప్లీసియోసార్లు అనే పెద్ద సముద్ర సరీసృపాలు పోయిన తర్వాత కూడా మొరాకో ఫాస్ఫేట్ గనుల్లో వీటి ఎముకలు కొనసాగుతూనే ఉంటాయి. మాలీలో, ఇప్పుడు సహారా ఉన్న చోట కూడా దొరుకుతాయి, ఎందుకంటే అప్పుడు అక్కడ సముద్రం ఉండేది. ఇదే కుటుంబంలోని కొన్ని మాత్రం కొలంబియాలోని సెరెహోన్ బొగ్గు గనిలో, టైటనోబోవా అనే మహాసర్పంతో కలిసి చిత్తడి నేలల పొరల్లో కనిపిస్తాయి.

ఇప్పుడు మీ వెన్నుపూస. దాని రెండు చివరలను చూడండి. నేటి మొసలి వెన్నుపూసకు ముందు వైపు గుంట, వెనుక వైపు ఉబ్బెత్తు బంతి ఉంటాయి. థలాటోసూకియన్లకు రెండు వైపులా కొద్దిపాటి గుంటే ఉంటుంది, మధ్యలో నడుం సన్నబడి దారపు రీలులా కనిపిస్తుంది. రెండు వైపులా లోతైన గిన్నెలా ఉండి, బిళ్లలా పొట్టిగా ఉంటే అది ఇక్తియోసార్‌ది, అంటే చేప ఆకారపు సముద్ర సరీసృపానిది. చివరలు దాదాపు చదునుగా ఉండి, అడుగున రెండు చిన్న రంధ్రాలుంటే ప్లీసియోసార్‌ది. పీటర్‌బరోలో ఈ మూడూ దొరుకుతాయి, అమ్మేవాళ్లు చీటీలు తారుమారు చేయడం నేను చాలాసార్లు చూశాను. ఒక్క వెన్నుపూసతో జాతి పేరు చెప్పడం కుదరదు. ఏ శాఖో తెలియాలంటే దాంతో పాటు ఎముక పలక ముక్క ఏదైనా వచ్చిందేమో మీ స్నేహితుణ్ణి అడగండి. గుంటలు పడిన దళసరి పలక అయితే టెలియోసార్ అని గట్టిగా అనొచ్చు.

పగుళ్లలో బూడిద రంగు బంకమట్టి అంటుకుని ఉంటే దాన్ని కడగకండి. ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు ఒక ఎముకను మెరిసేలా కడిగేశాను. అందులోని మట్టిలో బెలెమ్నైట్ల (స్క్విడ్ లాంటి సముద్ర జీవుల) చేతులకుండే కొక్కేల లాంటి చిన్న చిన్న అవశేషాలు ఉండి ఉండొచ్చని తర్వాత తెలిసింది. పీటర్‌బరో మెట్రియోరింకస్ ఒకదాని పొట్ట దగ్గర సరిగ్గా అలాంటి కొక్కేలే దొరికి, అది ఏం తినేదో చెప్పాయి. ఆ పొరపాటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ మట్టిలోని సూక్ష్మ శిలాజాలను చూసి అది నిజంగా ఆక్స్‌ఫర్డ్ క్లేనో కాదో కూడా తేల్చొచ్చు.

ఇంకొకటి, ఆ ఎముకల్లో పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజం ఉంటుంది. తేమ తగిలితే అది ఆమ్లంగా మారి ఎముకను లోపలి నుంచి పొడి చేసేస్తుంది. గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. చీటీని అందులోనే, వెన్నుపూసకు తగలకుండా విడిగా ఉంచండి. రెండు చివరలు, అడుగు భాగం కనిపించేలా, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి పంపితే నేను చూసి చెబుతాను.